కప్పల తక్కెడలో పేరీత



కుదరని పొత్తుకూ, కలవని మనుషులకూ తెలుగువాళ్లు కప్పల తక్కెడ అని పేరు పెట్టారు. ఒక కప్పను తక్కెడలో వేసి రెండోదాన్ని పట్టుకునేలోగా మొదటిది గెంతేస్తుంది. తూకం తేలదు. ఈ పూట తక్కెడలో ఒక పళ్లెంలోనే కప్ప ఉంది. రెండో పళ్లెంలో ఉన్నది కదలమన్నా కదలని మొక్క. కప్ప పేరు బోదురుకప్ప. మొక్క పేరు పేరీత.

బోదురుకప్పను పరిచయం చేయనక్కరలేదు. తొలకరి వాన పడ్డ రాత్రి ఊరి చెరువు దగ్గర గొంతు చించుకునేది అదే. ఇంటర్మీడియట్ బైపీసీ చదివిన పాత తరానికి అది రానా టైగ్రినా. మైనపు పళ్లెంలో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకూ నాలుగు గుండుసూదులు గుచ్చి, గుండె ఎక్కడ, కాలేయం ఎక్కడ అని వెతికింది దాని కడుపులోనే. శాస్త్రవేత్తలు తర్వాత దాని పేరు మార్చి హోప్లోబాట్రాకస్ టైగ్రినస్ అన్నారు. పేరులో పులి మాత్రం ఉండిపోయింది, ఒంటి మీద మచ్చల పుణ్యమా అని. పాకిస్తాన్ నుంచి మయన్మార్ దాకా, వరిమడి, కుంట, కాలవ ఉన్న చోటల్లా ఇది ఉంటుంది.

పేరీత సంగతి అలా కాదు. అది ఉండేది తిరుపతి, కడప వైపు శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో. ఆ రాతి వాలుల మీద, ఎర్రచందనం చెట్ల నడుమ, నడుము ఎత్తుకు అటూ ఇటూగా కనిపిస్తుంది. ప్రపంచంలో ఇంకెక్కడా అది తనంత తానుగా పెరగదు.

పేరులోనే ఈత ఉంది. ఆకును చూస్తే పొట్టి ఈతచెట్టే అనిపిస్తుంది. మొండి కాండం, నెత్తిన గొడుగులా విచ్చుకున్న ఆకులు. కానీ ఈతకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఈతచెట్టు పూత పూసి కాయ కాస్తుంది. పేరీత పువ్వు పూయదు, కాయ కాయదు. గింజను మాత్రం పెడుతుంది. లోకంలో పువ్వులింకా పుట్టని కాలంలో గింజ పెట్టడం నేర్చుకున్న సైకాడ్ల వంశం దానిది. ఈ వంశంలోని ఇంకో మొక్కను పట్నవాసులంతా రోజూ చూస్తూనే ఉన్నారు. ఫంక్షన్ హాళ్ల ముందు, బ్యాంకుల మెట్ల పక్కన, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర సిమెంటు కుండీలో ముదురాకుపచ్చ ఆకులతో బిరుసుగా నిలబడి ఉండేది సైకస్ రెవల్యూటా. అది జపాన్ వైపు నుంచి వచ్చింది. నర్సరీలో డబ్బు పడేస్తే దొరుకుతుంది. దాని శేషాచలం దాయాది మాత్రం కుండీకి రాలేదు, రాకూడదు కూడా.

పేరీత శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమియై. ఈ బెడ్డోమ్ ఎవరో కాస్త చెప్పుకోవాలి. రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, అక్కణ్ణుంచి మద్రాసు అటవీ శాఖకు వచ్చి, 1860 నుంచి 1882 దాకా ఆ శాఖను నడిపిన మనిషి. తుపాకీ పట్టాల్సిన చేత్తో మొక్కలు ఏరాడు, బల్లులు పట్టాడు, పాములు పట్టాడు, కప్పలూ పట్టాడు. పేరీతకు ఆయన పేరు కలిపి 1883లో శాస్త్రలోకానికి చెప్పింది తర్వాత లండన్ దగ్గరి క్యూ తోటలకు పెద్ద అయిన విలియం థిసెల్టన్ డయ్యర్. ఇవే కొండల్లోని బంగారు బల్లిని బెడ్డోమే స్వయంగా 1870లో వర్ణించాడు. పడమటి కనుమల్లో తడిరాళ్ల మీద గెంతే ఒక చిన్న కప్ప జాతికీ ఆయన పేరే ఉంది, ఇండిరానా బెడ్డోమియై అని. అంటే మొక్కనూ కప్పనూ ఒకే తక్కెడలో వేసిన మొదటివాడు ఈ అటవీ అధికారేనేమో. ఆయనకు ఇవి రెండు వేరు శాఖలు కావు. అడవిలో నడుస్తుంటే కాలికి తగిలినవి.

ఇప్పుడు అసలు తూకానికి వద్దాం. ఒకటి ఎండిన కొండ మీది మొక్క, ఇంకొకటి బురదలో బతికే జంతువు. ఈ రెంటికీ పోలిక ఎక్కడ? నీళ్ల దగ్గర.

కప్పకు నీళ్లెందుకో అందరికీ తెలుసు. తొలి పెద్ద వాన పడిన రాత్రి మగ బోదురుకప్పలు కుంటలోకి దిగుతాయి. అప్పటిదాకా బురదరంగులో ఉన్న ఒళ్లు పసుపు పూసినట్టు అవుతుంది. గొంతుకు రెండు వైపులా నీలం సంచులు బుడగల్లా ఉబ్బుతాయి. టార్చిలైటు వేసి చూస్తే నిమ్మపండ్లకు నీలి బెలూన్లు కట్టినట్టుంటుంది. ఆ రాత్రి పాట వినసొంపుగా ఉంటుందని ఎవరూ అనరు, ఆడకప్పలు తప్ప. ఆడది నీళ్లలో వేలకొద్దీ గుడ్లు వదులుతుంది, దాని వీపునంటుకున్న మగది వాటిమీద వీర్యం వదులుతుంది. రెండూ కలవాల్సింది బయట, ఆ కుంట నీళ్లలోనే. వీర్యకణం ఈదాలి. ఈదాలంటే నీళ్లుండాలి. వాన రాకపోతే ఆ ఏటికి కప్ప సంసారం లేదు.

పేరీత దగ్గర జరిగేదీ ఇదే అంటే నమ్మబుద్ధి కాదు.

పేరీతలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఎండాకాలంలో మగ మొక్క నడినెత్తిన పెద్ద కంకిలాంటి శంకువు లేస్తుంది. దాని రేకుల అడుగున పుప్పొడి. ఆడ మొక్కకు శంకువు ఉండదు. ఆకుల గొడుగు నడుమ నూగు కప్పిన చిన్న చిన్న ఆకుల్లాంటివి గుత్తిగా లేస్తాయి, వాటి అంచున అండాలు. ఒక్కో అండం కొసన, సరైన రోజు వచ్చినప్పుడు, ఒక జిగురు చుక్క ఊరుతుంది. గాలికో పురుగు కాలికో అంటుకుని వచ్చిన పుప్పొడి రేణువు ఆ చుక్కలో పడుతుంది. చుక్క మెల్లగా లోపలికి ఇంకిపోతూ రేణువును వెంట తీసుకుపోతుంది. మామిడిలోనో వంకాయలోనో అయితే పుప్పొడి నాళం నేరుగా అండం దాకా సాగి పని ముగిస్తుంది. సైకాడ్లలో నాళం చేసే పని వేరు. అది అండం గోడలోకి వేరులా పాకి నెలల తరబడి తిండి లాగుతుంది. ఆ తర్వాత రేణువు ఉబ్బి పగులుతుంది. లోపలి చిన్న గదిలో ఊరిన ద్రవంలోకి రెండు పుంబీజాలు పడతాయి. ఒక్కోదానికి ఒంటి చుట్టూ మరచుట్టులా వేలాది వెంట్రుకలు. వాటిని ఆడిస్తూ అవి ఈదుతాయి. నిజంగానే ఈదుతాయి. మొక్కల లోకంలో ఇంత పెద్ద పుంబీజాలు ఇంకెవరికీ లేవు. కొన్ని సైకాడ్లలో అవి సూక్ష్మదర్శిని లేకుండానే చుక్కల్లా కంటికి ఆనుతాయి.

ఈ సంగతి బయటపడింది 1896లో, జపాన్‌లో. హిరాసే అనే ఆయన గింకో చెట్టులో ఈదే పుంబీజాలను చూశాడు. ఆయన పెద్ద ప్రొఫెసరేమీ కాదు, విశ్వవిద్యాలయంలో బొమ్మలు గీసే ఉద్యోగి. అదే ఏడాది ఇకెనో అనే శాస్త్రవేత్త సైకస్‌లోనూ అలాంటివే ఉన్నాయని తేల్చాడు. అంతకుముందు దాకా గింజ పెట్టే మొక్కల్లో ఈత ఉంటుందని ఎవరూ అనుకోలేదు. పాచికీ నాచుకీ ఫెర్న్ మొక్కలకీ మాత్రమే ఆ గుణం ఉందనుకున్నారు.

పేరీతలో ఈత ఉందన్న మాటకు ఇలా ఇంకో అర్థం కూడా దొరికింది. పేరు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు గానీ, మాట మాత్రం కుదిరింది.

కప్ప చెరువు దగ్గరికి పోతుంది, పేరీత చెరువును తన దగ్గర పెట్టుకుంది. తేడా అంతే. కానీ ఈ ఒక్క తేడా నుంచే ఒకటి ఊరూరా కనిపించడం, ఇంకొకటి కొన్ని కొండలకే మిగలడం మొదలవుతాయి. కుంటలో వేల గుడ్లు పెట్టేది వేలల్లో పిల్లల్ని పోగొట్టుకోగలదు. పోగొట్టుకుంటుంది కూడా. బోదురుకప్ప తోకపిల్లలు శాకాహారులు కావు. పక్కవాటిని తింటాయి, తమ తోబుట్టువులనే తింటాయి. కుంట ఎండేలోగా కాళ్లు మొలిపించుకుని గట్టెక్కాలన్న తొందర వాటిది. మిగిలిన కొన్నే వరిమళ్లకు చాలు. పేరీత అన్ని పెట్టలేదు. ఒక్కో ఆకులాంటిదానికి కొద్ది అండాలే. ఒక్కో గింజ వెనక నెలల పని ఉంటుంది. గింజ గుండ్రంగా, బరువుగా ఉంటుంది, గాలికి ఎగరదు. తల్లి కిందే పడుతుంది, లేకపోతే వాలున కాస్త దొర్లుతుంది. రాళ్ల సందున చిక్కుకుంటే అక్కడే దాని లోకం.

నూతిలో కప్ప అని లోకం చూడనివాణ్ణి ఎగతాళి చేస్తాం. నిజానికి ఆ సామెత పేరీతకు సరిపోతుంది. బోదురుకప్ప చూసిన లోకం తక్కువేమీ కాదు. మనుషులు తీసుకెళ్తే సముద్రం దాటి మడగాస్కర్ చేరింది. అండమాన్ దీవులకూ చేరింది. అక్కడి సంగతి మళ్లీ చెప్పుకుందాం.

మడగాస్కర్ మాట వచ్చింది కాబట్టి ఒక వింత. కప్పల పూర్వీకులకు బంధువని చెప్పే అతి పాత శిలాజాల్లో ఒకటి, ట్రయాడోబాట్రాకస్, దొరికింది ఆ దీవిలోనే. దాని వయసు దాదాపు 25 కోట్ల ఏళ్లు. అప్పటికి మడగాస్కర్, భారత భూభాగం విడిపోలేదు. సైకాడ్ల వంశం కూడా దాదాపు అంత పాతదే, ఇంకా పాతదని చెప్పే శిలాజాలున్నాయి. అందుకే పేరీతను చూపించి డైనోసార్ల నాటి మొక్క అని చెప్పడం అలవాటైంది. అలా అనడంలో కొంత అతి ఉంది. వంశం పాతదే. కానీ ఇప్పుడున్న సైకాడ్ జాతుల్లో చాలావరకు గత కోటీ ఇరవై లక్షల ఏళ్లలో విడివడినవేనని 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. ముత్తాతల మేడ పాతదైనంత మాత్రాన అందులో ఉంటున్నవాళ్ల వయసు వందలు కాదు కదా.

ఎండాకాలానికి ఈ రెండూ తట్టుకునే తీరు చూడదగ్గది. మాఘం దాటాక కుంటలు ఎండుతాయి. బోదురుకప్ప వెనక్కాళ్లతో మట్టి తోడుకుంటూ వెనక్కు వెనక్కు దిగిపోతుంది. తేమ అందే లోతులో కదలకుండా పడుంటుంది. తిండి లేదు, ఊపిరి పేరుకే. అది నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే తాగుతుంది. కాబట్టి ఆ తడిమట్టే దానికి కూజా. కొండ మీద అదే సమయానికి గడ్డి ఎండి, ఎక్కడో నిప్పు రాజుకుని, మంట వాలు వెంట పాకుతుంది. శేషాచలంలో ఏటా ఎక్కడో ఒక చోట జరిగేదే. పేరీత ఆకులు మాడిపోతాయి. కాండం చుట్టూ రాలిన ఆకుల మొదళ్లు గట్టి కవచంలా ఉంటాయి కాబట్టి లోపలి గుజ్జు బతుకుతుంది. నల్లగా మసిబారిన మొండి నెత్తిన కొన్నాళ్లకు లేత ఆకులు చుట్టలు చుట్టుకుని లేస్తాయి, మెత్తగా, లేతాకుపచ్చగా. సైకాడ్ల లేతాకు ఎప్పుడు వస్తుందా అని కాచుకునే చిన్న సీతాకోకచిలుక ఒకటుంది, చిలాడిస్ పాండవ. ఆకు ముదిరితే దాని గొంగళిపురుగుకు పళ్లు దిగవు. అందుకని లేతగా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే గుడ్లు పెట్టేసి పోతుంది.

వేరుకు ఇంకో విద్య ఉంది. సైకాడ్ల వేర్లలో కొన్ని కిందికి పోకుండా పైకి తిరిగి, నేలపొరకు దగ్గరగా పగడపు కొమ్మల్లా చీలుతాయి. వాటిలో నీలాకుపచ్చ సూక్ష్మజీవులు కాపురముంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. రాతినేల మీద ఎరువెక్కడిది అన్న ప్రశ్నకు ఇదే జవాబు. వరిపొలంలో నత్రజని కోసం అజొల్లా వేసే రైతుకు ఈ కిటుకు కొత్త కాదు. అజొల్లా ఆకులో దాక్కున్నవీ ఈ కోవ జీవులే.

ఇంత పకడ్బందీగా బతికే మొక్క ఎందుకు తగ్గిపోయింది? నిప్పు ఒక కారణం, పశువులు ఒక కారణం. కానీ ముఖ్యమైన దెబ్బ మగ శంకువు మీద పడింది. బలానికి మందని, నొప్పులకు మందని మగ శంకువులు కోసి అమ్మడం ఈ కొండల చుట్టుపక్కల చాలాకాలంగా ఉంది. కొండ మీద ఉన్నవే కొన్ని మొక్కలు. అందులో మగవి ఒక వాటా. ఆ ఏడు శంకువు వేసినవి ఇంకా తక్కువ. పుప్పొడి రాలకముందే శంకువు తెగితే చుట్టుపక్కల ఆడ మొక్కలు జిగురు చుక్క పట్టుకుని ఎదురుచూసి ఎండిపోతాయి. మొక్కను పెరికినవాడు ఒక మొక్కను చంపుతాడు. శంకువు కోసినవాడు మొక్కను చంపడు గానీ ఆ వాలు మీద రావాల్సిన గింజల్ని ఆపుతాడు. బయటికి కనిపించని నష్టం ఇదే. మొక్కలు పచ్చగానే ఉంటాయి, లెక్కకు అన్నీ ఉన్నట్టే ఉంటాయి, పిల్లమొక్క మాత్రం కనిపించదు.

చట్టం ఈ మొక్కను గట్టిగానే పట్టించుకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట జంతువుల కోసమే వచ్చింది. 1991లో సవరించినప్పుడు మొక్కలనూ చేర్చి, దేశం మొత్తానికి ఆరు పేర్లతో ఒక జాబితా వేశారు. అందులో పేరీత ఒకటి. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోనూ అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో దాన్ని పెట్టారు. దాని ఇంట్లో కొంత భాగం 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు కూడా వచ్చింది.

మరి కప్పకు? ఊరూరా ఉన్నదానికి కాపలా ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఎదురుగా ఉన్నదాని విలువ పోయాక గానీ తెలియదు. బోదురుకప్ప విషయంలో అది తెలిసిన సందర్భం ఒకటుంది. ఐరోపాలో, అమెరికాలో కప్ప కాళ్లు తినేవాళ్లున్నారు. వాళ్లకు కావలసింది కండపట్టిన వెనక్కాళ్లు. ఆ లెక్కన మన కప్పల్లో బోదురుకప్పను మించింది లేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో రాత్రిళ్లు లైట్లు పట్టుకుని పొలాల్లో కప్పలు పట్టడం, కాళ్లు కోసి, మంచులో పెట్టి ఓడ ఎక్కించడం పెద్ద వ్యాపారం అయింది. 1981లో ఒక్క ఏడాదే మన దేశం నుంచి నాలుగు వేల టన్నులకు పైగా కప్ప కాళ్లు ఎగుమతి అయ్యాయి. కాళ్లే అన్ని టన్నులు. మిగిలిన ఒళ్లు లెక్కలోకి రాదు.

పట్టేవాడు చిన్నకప్పను వదిలి పెద్దదాన్ని పడతాడు. పెద్దది అంటే గుడ్లు పెట్టేది. పట్టడానికి వీలైన రాత్రి అంటే అవి గుంపుగా కుంటలో చేరి అరిచే రాత్రి. శంకువు కోసేవాడికీ, కప్ప పట్టేవాడికీ సమయం ఒకటే: పిల్లల్ని కనే వేళ. అరుదైన మొక్క, కొల్లలుగా ఉన్న కప్ప, రెండూ దొరికిపోయింది అక్కడే.

కప్పలు పోతే పొలంలో పురుగు పెరుగుతుందని, ఆ పురుగుకు కొట్టే మందుల ఖర్చు కాళ్ల మీద వచ్చే డాలర్లను మింగేస్తుందని వాదన బలపడింది. 1985లో బోదురుకప్ప సైటిస్ రెండో అనుబంధంలోకి ఎక్కింది. 1987లో భారత ప్రభుత్వం కప్ప కాళ్ల ఎగుమతిని నిషేధించింది. గోవా వైపు వానాకాలంలో దొంగచాటుగా పట్టి తినడం, అటవీ సిబ్బంది గస్తీ తిరగడం ఇప్పటికీ ఉన్నాయి. మొత్తం మీద కప్ప నిలబడింది. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, ఎర్ర జాబితాలో దానికి ఆందోళన అక్కరలేనిదని రాసుంది, పేరీతకు ప్రమాదంలో ఉందని రాసుంది.

అండమాన్ సంగతి బాకీ ఉంది. ఈ శతాబ్దంలో ఆ దీవుల్లో బోదురుకప్ప వేగంగా పాకింది. చేప పిల్లల తొట్లతో కలిసి పోయి ఉంటుందని పరిశోధకుల అనుమానం. అక్కడి స్థానిక కప్పలకు దీని తోకపిల్లలు యముళ్లు. పెద్దయ్యాక అది బల్లుల్నీ, చిన్న పాముల్నీ, కోడిపిల్లల్నీ వదలదు. చిత్తూరు జిల్లా పొలంలో పురుగు తింటోందని మనం మెచ్చుకున్న నోరే అది. ఇక్కడ దాని పిల్లల్ని తినేందుకు కొంగ ఉంది, నీరుకట్టె పాము ఉంది, కుంటను ఎండబెట్టే ఫాల్గుణమూ ఉంది. కప్ప మారలేదు, దాని చుట్టూ ఉన్నవి మారాయి.

వానల కోసం మన ఊళ్లలో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. కప్పతల్లి అంటారు. ఇల్లాలు బిందెతో నీళ్లు తెచ్చి దాని మీద పోస్తుంది, పిల్లలకు గింజలు పెడుతుంది. వాన పడితే అరిచే జీవిని ముందే తడిపితే వాన వస్తుందన్న ఆశ అందులో ఉంది. పేరీతకు అలాంటి పండగ ఏదీ లేదు. అలిపిరి మెట్ల మీద వేలమంది రోజూ అవే కొండలు ఎక్కుతారు. తమ పక్క వాలుల్లో నీటి బొట్టును లోపలే దాచుకున్న మొక్క ఒకటుందని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ఆషాఢం, శ్రావణం గడుస్తాయి. కొండ కింద స్వర్ణముఖి పక్క మళ్లలో తోకలు ఊడిన బోదురుకప్ప పిల్లలు బొటనవేలంత ఉండి గట్ల మీద గెంతుతుంటాయి. పైన కొండ మీద, ఎండల్లో పడ్డ పుప్పొడి ఇంకా అండంలోపలే తిండి లాగుతూ ఉంటుంది. దాని ఈత మొదలే కాలేదు. అది ఈది, కలిసి, గింజ ముదిరి రాలినా లోపలి పిల్ల ఇంకా పూర్తిగా తయారై ఉండదు. సైకస్ గింజల తీరే అంత. తల్లి మొదట్లో, రాలిన ఆకుల కింద, ఇంకొన్ని నెలలు పడుండాలి. ఆ నెలల్లోనే కింద మళ్లు ఎండుతాయి. ఆ ఏడు పుట్టిన కప్పలు వెనక్కాళ్లతో మట్టి తోడుకుంటూ లోపలికి దిగుతాయి.